ఆమె కొలతకు సీటు

అన్వేష్ పడ్డ రోజు నుంచీ అత్వెల్లి షెడ్డులో ఎవరి ముఖంలోనూ కళ లేదు. తెల్లారగట్ల వ్యాయామం కోసం శామీర్‌పేట చెరువు పక్క రోడ్డు మీద సైకిలు తొక్కుతూ, మలుపులో ఇసుక మీద జారి పడ్డాడతను. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో కారు నడిపి ఏనాడూ గోరు కూడా చిట్లని మనిషికి, సైకిలు మీంచి పడితే కుడి మణికట్టు, భుజం ఎముక రెండూ విరిగాయి. కొత్త సీజన్‌లో మొదటి రేసు తరుముకొస్తోంది. డాక్టరేమో మూడు నెలల దాకా స్టీరింగు పట్టుకునే మాటే లేదన్నాడు.

జట్టు యజమాని గౌరయ్య అతనికి మేనమామ. చుట్టూ ఉన్న ద్రాక్షతోటలు పోయి ప్లాట్లు పడినా, ఒకప్పుడు పళ్లు పెట్టెలకెత్తిన పాత రేకుల షెడ్డును మాత్రం అమ్మకుండా ఉంచుకుని, అందులో ఒక్క కారుతో రేసింగ్ జట్టు పెట్టిన మనిషి. నిరుడు దేశం మొత్తం మీద అన్వేష్ రెండో స్థానంలో నిలిచాడు. ఈసారి మొదటి స్థానం ఖాయమని అందరూ అనుకుంటున్నప్పుడే ఇలా అయింది. దిక్కుతోచని గౌరయ్య చివరికి బహదూర్‌పల్లిలో రాజారావుగారి ఇంటికి వెళ్లి, వాళ్లమ్మాయి హరిచందనను తన కారు నడపమని అడగడం, రెండేళ్లుగా రేసు కారు ముట్టని చందన "వస్తాను" అనడం కిందటి వారమే జరిగింది.

ఇప్పుడామె ఆ కారులోనే కూర్చుని ఉంది. కదలకూడదు.

ఇలాంటి కారుకు సీటు బజారులో కొనేది కాదు. నడిపే మనిషి ఒంటిని బట్టి పోసుకోవాలి. కారు లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, దాని మీద మనిషిని కూర్చోబెట్టి, రెండు ద్రవాలు కలిపి ఆ సంచిలో పోస్తారు. అవి నురగలా పొంగి, వీపు చుట్టూ, నడుము పక్కన, తొడల కింద, ఎక్కడ సందుంటే అక్కడికి పాకి గట్టిపడతాయి. ఆ కాసేపూ రేసులో ఉన్నట్టే కూర్చోవాలి. చేతులు స్టీరింగు మీద, పాదాలు పెడల్స్ మీద. మధ్యలో కదిలారా, అచ్చు చెడిపోయినట్టే. చెడిన సీటులో కూర్చున్నవాళ్లకు ప్రతి మలుపులోనూ ఒళ్లు ఒక పక్కకు జారుతుంది. అక్కడే రేసు కూడా జారిపోతుంది.

"జర వేడి తగుల్తది. భయపడకు," అంది సృజన, బకెట్లోని ద్రవాన్ని కర్రతో గిరగిరా తిప్పుతూ. సృజన గౌరయ్యకు ఒక్కగానొక్క కూతురు. జట్టుకు ఇంజనీరు కూడా. మాట తక్కువ, చూపు ఎక్కువ. "పోస్తున్న. ఇగ ఊపిరి మెల్లగ తీసుకో."

నురగ పొంగింది. ఎవరో వేడి అరచేతులు వీపంతా ఆనించి ముందుకు తోస్తున్నట్టు అనిపించింది చందనకు. కళ్లు మూసుకుంది. తాను నడిపిన జట్టు మూతబడ్డాక ఈ రెండేళ్లూ శామీర్‌పేట దగ్గర కార్టింగ్ ట్రాకు మీద, సెలవు రోజుల్లో సరదాకి వచ్చే ఆఫీసు వాళ్లకూ వాళ్ల పిల్లలకూ చిన్న బండ్లు నడపడం నేర్పుతూ గడిపింది. ఎవరైనా పిలుస్తారేమోనని మొదట్లో స్నానానికి వెళ్లినా ఫోను తలుపు దగ్గరే పెట్టుకునేది. తర్వాత తర్వాత ఆ అలవాటు కూడా పోయింది. ఇప్పుడు స్టీరింగు మీద తన బొటనవేళ్లు వాటి చోటు అవే వెతుక్కుని సర్దుకోవడం చూసి ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

అయినా సంతోషం పూర్తిగా మనసుకెక్కడం లేదు. కారణం ఎదురుగా గోడకు ఆనించి ఉంది. అన్వేష్ సీటు. అతని భుజాల వెడల్పు, వీపు వంపు, అన్నీ అందులో అచ్చుగుద్దినట్టున్నాయి. మనిషే అటు తిరిగి కూర్చున్నట్టుంది. నిన్న సాయంత్రం సృజన చెప్పిన సంగతి ఆ సీటును చూసినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

"అతనికి చెప్పారా గౌరయ్యగారూ?" అని పొద్దున రాగానే అడిగింది.

"చెప్త బిడ్డా, చెప్త. దవాఖానకెళ్లి వచ్చినంక నిమ్మలంగ చెప్త," అని గౌరయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు.

షెడ్డు బయట ఆటో ఆగిన చప్పుడైంది. రాత్రి పడ్డ చినుకులకు తడిసిన ఎర్రమట్టిలో చెప్పులు పడుతున్న శబ్దం. ఆ నడక ఎవరిదో తలతిప్పకుండానే తెలిసిపోయింది షెడ్డులో అందరికీ.

అన్వేష్ గుమ్మంలో నిలబడ్డాడు. కుడి చెయ్యి మెడకు వేలాడుతోంది. చొక్కా ఒక్క చేతికే తొడిగి, రెండో పక్క భుజం మీద వేసుకున్నాడు. ఈ కొన్ని రోజుల్లోనే బుగ్గలు లోపలికి పోయాయి. అతని చూపు ముందు కారు మీద పడింది. తర్వాత అందులో కూర్చున్న చందన మీద. ఆఖరున గోడ దగ్గరున్న తన సీటు మీద ఆగిపోయింది.

"ఏంది మామా ఇది?"

"నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? డాక్టరు పండుకొమ్మన్నడు గదా!" గౌరయ్య గబగబా ఎదురెళ్లాడు. "అక్కకు చెప్పే వచ్చినవా?"

"నా సీటు గోడకెందుకు పెట్టిన్రని అడుగుతున్న."

"గదీ... చందనమ్మ నీకంటె పొట్టి గదా. నీ సీట్ల కూసుంటె పెడలందది."

"అందకుంటె దిండు పెట్టుకోవాలె. రెండు రేసులకు కొత్త సీటు పోసుడెందుకు?"

సృజన బకెట్టు పక్కన పెట్టింది. నురగ సన్నగా చిటపటలాడుతూ బిగుస్తున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"రెండే గదా మామా?" అన్వేష్ గొంతు ఈసారి తగ్గింది. "రెండు రేసులు చందనమ్మ నడుపుతది, మూడోదానికి నువ్వే ఎక్కుతవ్ అన్నవ్ గదా? మంచం పక్కన కూసోని, మా అమ్మ ముంగట అన్నవ్."

మార్కెట్ యార్డులో, మండలాఫీసులో, ఎంత మంది మధ్యనైనా గొంతెత్తి మాట్లాడే గౌరయ్య, మేనల్లుడి ముందు చిన్నపిల్లాడిలా నేల చూపులు చూశాడు.

"బాపూ, ఇగనన్న చెప్పు," అంది సృజన. తండ్రి చెప్పేలా లేడని తెలిసి తానే ముందుకొచ్చింది. "బావా, రేసులు పెట్టేటోళ్లు ఈ యాడాది కొత్త రూలు పెట్టిన్రు. మన కారు తరఫున ముందుగాల ఎవ్వలు రేసుకు దిగితే, సీజను మొత్తం వాళ్లే నడపాలె. నడుమల మార్చనియ్యరు. దెబ్బలు తాకినా, జ్వరమొచ్చినా గంతే. నేను ఫోన్ల మల్ల మల్ల అడిగిన."

"అంటే?"

"అంటే చందన ఎక్కితే ఈ యాడాదికి నీకు రేసు లేదు."

అన్వేష్ అక్కడే పేర్చి ఉన్న టైర్ల మీద కూలబడ్డాడు. విరిగిన చేతికి కుదుపు తగిలి ముఖం ముడుచుకున్నాడు గాని, మూలగలేదు.

"అందరికీ ఎరికే. నా ఒక్కనికే తెల్వది," అన్నాడు. తర్వాత కారు వైపు తిరిగాడు. "నీకు?"

"నిన్న తెలిసింది," అంది చందన.

"తెల్సి కూసున్నవా?"

"తెలిసే కూర్చున్నాను."

అన్వేష్ చివ్వున లేచాడు. "మామా, గట్లయితే మొదటి రెండు రేసులకు కారే తీస్కపోవద్దు. షెడ్డుకు తాళం ఎయ్యి. మూడోదానికి ముందుగాల నేనే దిగుత. రూలుకు రూలూ ఉంటది, నా కారు నాకుంటది."

"రెండు రేసులు పోతే ఇగ గెలిచే మాట మర్చిపోవాలె బావా," అంది సృజన. "ఉత్తగ తిరిగొచ్చుడే."

"ఉత్తగనే తిరుగుత! నా చేతికే దెబ్బ తాకింది, నా తలకాయకు గాదు. నా తిప్పలు నేను పడ్త."

గౌరయ్య ఇద్దరి మధ్యా నిలబడి ఇటోసారి అటోసారి చూశాడు. తోడబుట్టిన అక్క కళ్ల ముందు మెదిలి ఉంటుంది. తండ్రి లేని పిల్లాణ్ని వేలు పట్టుకుని ట్రాకు మీదికి తీసుకెళ్లింది తనే కదా! చివరికి తువ్వాలు భుజం మీద వేసుకుని మెల్లగా కారు దగ్గరికొచ్చాడు.

"చందనమ్మా," అన్నాడు, ముఖం చూడలేక స్టీరింగు వైపు చూస్తూ. "జర దిగుతవా బిడ్డా? కూసోని మాట్లాడుకుందం."

ఇలాంటి పిలుపు చందనకు కొత్త కాదు. 'జర ఆగమ్మా, మాట్లాడుకుందాం' అని మొదలుపెట్టే మాటలన్నీ ఎక్కడ తేలతాయో ఆమెకు బాగా తెలుసు. దిగితే చాలు. దిగిన మనిషిని మళ్లీ ఎక్కమనడం ఎవరికీ గుర్తుండదు. వీపు వెనక నురగ ఇంకా మెత్తగానే ఉంది. ఇప్పుడు లేస్తే సంచి చిరిగి, అంతా ముద్దలా పోతుంది. తన కొలతకు మొదలైన సీటు మొదట్లోనే పాడవుతుంది.

"దిగను గౌరయ్యగారూ."

"బిడ్డా..."

"మీరు మా ఇంటికొచ్చి అడిగారు. నేనడగలేదు." చేతులు స్టీరింగు మీంచి తియ్యలేదు. తల కూడా తిప్పకుండా, ముందున్న గోడ వైపే చూస్తూ అంది, "అన్వేష్, నువ్వు పడ్డావని విన్నప్పుడు నేను నిజంగా ఏడ్చాను. నువ్వు పడ్డందుకు నాకు బాధ ఉంది. కానీ ఇక్కడ కూర్చున్నందుకు బాధ లేదు. ఉందని అబద్ధం చెప్పలేను. మా జట్టు మూతబడిన రోజు నాకు చెయ్యీ విరగలేదు, కాలూ విరగలేదు. అన్నీ బాగుండి, నడపగలిగి ఉండి, ఊరికే కూర్చున్నాను. ఒక్కరూ అడగలేదు. వచ్చే ఏడాదికి నీ చెయ్యి బాగవుతుంది, నీకీ కారుంటుంది, నీకు మీ మామయ్య ఉన్నాడు. నేనివాళ దిగితే నాకు ఇంకో కారు లేదు. నీకు దించాలనుంటే నువ్వే వచ్చి దించు. నా అంతట నేను మాత్రం దిగను."

అన్వేష్ కారు వైపు నడిచాడు. సృజన అడ్డం రాబోయి ఎందుకో ఆగింది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. నీడ చందన మీద పడింది. ఆమె పళ్లు బిగబట్టింది. ఎడమ చేత్తో భుజం పట్టి లాగుతాడనే అనుకుంది.

అతను ఆమె ముఖం వైపు చూడటం లేదు. కారు లోపలికి, ఆమె కాళ్ల వైపు చూస్తున్నాడు.

"కుడి మోకాలు గట్లనే పెడ్తవా?" అన్నాడు.

"ఏం?"

"బ్రేకు తొక్కి చూడు."

తొక్కింది. గట్టిగా తొక్కేసరికి మోకాలు లేచి, స్టీరింగు కిందున్న ఇనప కడ్డీకి తాకింది. సన్నగా మాత్రమే తాకింది.

"ఇక్కడ సన్నగనే తాకుతది. రేసుల నలబై సార్లు తొక్కినంక చూడు. నాకు మొదటి యాడాది మొత్తం అక్కడ పచ్చి పుండే." అన్వేష్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నడుము ఎనకకు జరుపు. ఇంకా... ఇంకా. జల్దీ, గట్టి పడుతాంది! సృజనా, ఆ పక్క భుజం నువ్వు వట్టుకో."

అతను మంచి చేతిని ఆమె ఎడమ భుజం మీద పెట్టి బలంగా కిందికి, వెనక్కి నొక్కాడు. సృజన ఇంకో భుజం పట్టుకుంది. సగం బిగిసిన నురగ ఒక్క మూలుగు మూలిగి, కొత్త చోటికి దారి ఇచ్చింది.

"మల్ల తొక్కు."

తొక్కింది. మోకాలికీ కడ్డీకీ మధ్య చెయ్యి పట్టేంత సందు.

"ఇగ గట్లనే ఉండు. ఊపిరి కూడా గట్టిగ తీయకు."

అన్వేష్ ఆమె భుజం మీద చెయ్యి అలాగే ఉంచాడు. నొప్పికి అతని నుదుటి మీద చెమట పట్టడం చందనకు కనిపిస్తోంది. తియ్యమని ఆమె అనలేదు, అంటే ఊరుకోడని తెలుసు. గౌరయ్య మాత్రం అటు తిరిగి, ఏ పనీ లేని చోట ఏదో వెతుకుతున్నట్టు నిలబడి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

నురగ చల్లబడ్డాక సృజన వేలితో తట్టి చూసింది. చెక్కలా మోగింది. "అయిపోయింది. ఇగ లెవ్వొచ్చు."

చందన మెల్లగా లేచి బయటికి దిగింది. కాళ్లు తిమ్మిరెక్కి తూలితే గౌరయ్య పట్టుకున్నాడు. సృజన సీటును పైకి తీసి బల్ల మీద పెట్టింది. తన వీపు ఇంత చిన్నదా అనిపించింది చందనకు. నడుము దగ్గర చిన్న వంపు, ఎడమ భుజం దగ్గర కాస్త లోతు. అన్వేష్ చెయ్యి నొక్కిన చోటు.

"తప్పయింది బిడ్డా," అన్నాడు గౌరయ్య, చందన చెయ్యి వదలకుండానే. తర్వాత మేనల్లుడి వైపు తిరిగి, "నీక్కూడ. నోరు రాలేదు రా నాకు," అన్నాడు.

అన్వేష్ తల ఊపాడు. వెళ్లి మళ్లీ టైర్ల మీద కూర్చుని, కాసేపు తన పాత సీటు వైపు చూశాడు. ముఖంలో బాధ పోలేదు. కానీ వచ్చినప్పుడున్న బిగువు లేదు.

"రేసు నడుస్తుంటే రేడియోల ఆమెతోని ఎవ్వలు మాట్లాడుతరు?" అన్నాడు.

"నేనే," అంది సృజన.

"నువ్వు కారు సంగతి చూసుకో. చందనతోని నేను మాట్లాడ్త. ప్రతి రేసుకు వస్త. చెయ్యే ఇరిగింది గాని, నోరు ఇరగలేదు."

గౌరయ్య ముఖం వెలిగిపోయింది. "గదీ మాట! నువ్వు చెవుల చెప్తుంటె చందనమ్మ అచ్చం నీ లెక్కనే నడుపుతది. గంతే సాలు!"

"సాలదు మామా." అన్వేష్ లేచి చందన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నిరుడు మొదటొచ్చినోడు ట్రాకు మీద ప్రతి చుట్టుకు నాకంటె అర సెకండు ముందట ఉన్నడు. నువ్వు నా లెక్క నడిపితే మల్ల రెండో నంబరే. గా రెండో నంబరు కోసం నేను యాడాదంత బయట కూసోవాల్నా? నాకంటె అర సెకండు జల్దీ నడుపుతనంటేనే సీటు నీది. ఒప్పుకుంటవా?"

తన చోట కూర్చున్న మనిషిని తనను మించమని అడుగుతున్నాడు! చందన కుడి చెయ్యి చాచబోయి, అతని కట్టు చూసి, ఎడమ చెయ్యి చాచింది.

"ఒప్పుకుంటాను. కానీ ముందు ఒకటి చెప్పు. ఆ అర సెకండు ఎక్కడ పోతోంది?"

"గది ఎరికైతే మొదటి నంబరు నేనే కొడుతుంటి గదా!"

గౌరయ్య ఫక్కున నవ్వాడు. చందన కూడా నవ్వింది. అన్వేష్ ఎడమ చెయ్యి కలుపుతూ, భుజం నొప్పి పెడుతున్నా ఆపుకోలేక నవ్వాడు. ఇన్నాళ్లకు ఆ రేకుల షెడ్డు నవ్వులతో మోగింది.

సృజన ఒక్కతే నవ్వలేదు. కొత్త సీటు అంచులు చెక్కుతున్న కత్తిని బల్ల మీద పెట్టింది.

"నాకెరికే," అంది.

"ఏంది?"

"అర సెకండు యాడ పోతాందో. నిరుడు సీజను నడుమనే ఎరికైంది."

నవ్వులు ఆగిపోయాయి. అన్వేష్ చందన చెయ్యి వదిలేశాడు. "నిరుడా? గెలిచే రేసులు కళ్ల ముంగటనే పోగొట్టుకున్న గదా సృజనా! మరి నాకెందుకు చెప్పలే?"

సృజన బావ వైపు చూడలేదు. గౌరయ్య వైపు చూసింది. ఆయన చేతిలోని తువ్వాలు జారి కిందపడింది.

"చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది ఎవ్వలో, ఎందుకో," అంది, "బాపునే అడుగు బావా."